పెద్ద ఎస్సా, చిన్న ఎస్సా? కంప్యూటర్ సిలబస్ రాసే పెద్దలకు బహిరంగ లేఖ

కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే వారికి, పేపర్లు దిద్దే తోటి అధ్యాపకులకు నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా కావలిలో 16 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, జలదంకి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలే మా క్లాసులో ఎక్కువ. వాళ్లలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. వాళ్ల తరఫున మిమ్మల్ని ఒక విషయం అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్దవి వేరు, చిన్నవి వేరు అని ప్రోగ్రామింగ్ భాషలకు ఒక పట్టింపు ఉంది. దాన్ని మనం పరీక్షల్లోకి ఎలా తెచ్చామో, దాని వల్ల ఎవరు నష్టపోతున్నారో చెప్పాలనుకుంటున్నాను.

కిందటేడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ పరీక్షలో ఒక అమ్మాయికి తేలికైన ప్రశ్నే వచ్చింది. ఐదు సబ్జెక్టుల మార్కులు తీసుకుని మొత్తం కూడి చూపించాలి. తనకి ఇంట్లో కంప్యూటర్ లేదు. ప్రోగ్రాములన్నీ ఫోన్లో, నోట్సు రాసుకునే యాప్‌లో కొట్టుకుని చూసుకునేది. ఫోన్ కీబోర్డుకి ఒక అలవాటుంది కదా, కొత్త వరస మొదలుపెట్టగానే మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేసేస్తుంది. అలా ‘సమ్’ అనే పేరు మొదటి వరసలో పెద్ద ఎస్‌తో పడింది, లూపు లోపల, అంటే కూడికను మళ్లీ మళ్లీ చేయించే చోట, చిన్న ఎస్‌తో పడింది. అదే అబ్జర్వేషన్ బుక్కులోకి ఎక్కింది. అదే కంఠతా పట్టి వచ్చి పరీక్షలో కొట్టింది.

పైథాన్‌లో చిన్న ఎస్‌తో సమ్ అనేది ముందు నుంచే ఉన్న ఒక ఫంక్షన్ పేరు. కాబట్టి ఆ పేరు నాకు తెలియదని కూడా అది చెప్పలేదు. బిల్ట్-ఇన్ ఫంక్షన్నీ పూర్ణాంకాన్నీ కూడటం కుదరదని ఎర్ర అక్షరాల్లో ఒక పొడుగాటి ఇంగ్లిష్ వాక్యం చూపించింది. అక్షరం సంగతి అందులో ఎక్కడా లేదు. ఆ అమ్మాయి కూడిక ఉన్న వరస చెరిపి మళ్లీ కొట్టింది. మార్కులు తీసుకునే వరస మార్చింది. ఖాళీలు సరిచూసింది. నలభై నిమిషాలు అయింది. “అన్నీ బుక్కులో ఉన్నట్టే కొట్టా మేడమ్, ఏందో కూడటం లేదు” అంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని ఉన్నారు, నేను నోరు విప్పకూడదు. టైమ్ అయిపోయింది.

తర్వాత ఆ అబ్జర్వేషన్ బుక్కు తీసి చూశాను. నిజంగానే తను బుక్కులో ఉన్నట్టే కొట్టింది. పరీక్షలో స్క్రీన్ మీద ఆ పేరు చూశాను కాబట్టి మొదటిది పెద్ద ఎస్ అని నాకు తెలుసు. తన చేతిరాతలో మాత్రం రెండు ఎస్సులూ ఒక్కలాగే ఉన్నాయి.

సీ, ఓ, ఎస్, వీ, డబ్ల్యూ, ఎక్స్, జడ్. ఈ ఏడు అక్షరాలూ పెద్దవైనా చిన్నవైనా ఒకటే ఆకారం, తేడా సైజులోనే ఉంది. రూళ్ల కాగితం మీద గబగబా రాసే పిల్ల చేతిలో ఆ సైజు నిలబడుతుందా? పేపరు దిద్దే మనం, ఒక్కో బండిలును ముగించాలన్న తొందరలో, అది పెద్దదో చిన్నదో నిజంగా చూసి మార్కు వేస్తున్నామా, ఊహించి వేస్తున్నామా?

మన అక్షరాలకు పెద్ద, చిన్న అనే భేదం లేదు. తెలుగులో రాసుకుంటూ పెరిగిన పిల్ల బళ్లో ఏబీసీడీలు నాలుగు బడులూ (అచ్చు అక్షరాల్లో, కలిపిరాతలో పెద్దవీ చిన్నవీ) దిద్దుతుంది, కానీ పెద్ద బడి ఎందుకు, చిన్న బడి ఎందుకు అనే సంగతి తనకి వాక్యం మొదట్లో, పేర్ల మొదట్లో పెట్టే ఒక మర్యాదగానే తెలుసు. మర్యాద తప్పితే టీచరు ఎర్ర సిరాతో దిద్దుతారు, అర్థం మాత్రం మారదు. మన భాషలో ల, ళ వేరంటే చెవికి వినిపిస్తుంది. కల అంటే ఒకటి, కళ అంటే ఇంకొకటి, పలకగానే తెలిసిపోతుంది. పెద్ద ఎస్‌నీ చిన్న ఎస్‌నీ ఎంత స్పష్టంగా పలికినా ఒకటే శబ్దం. బోర్డు దగ్గర నేను చదువుతూ రాసే ప్రతి ప్రోగ్రాములో సగం సమాచారం నా నోట్లోంచి బయటికే రాదు.

దీనికి జావా క్లాసు కంటే మంచి ఉదాహరణ లేదు. జావాలో క్లాసు అంటే ఒక నమూనా, ఆబ్జెక్టు అంటే ఆ నమూనా ప్రకారం చేసిన వస్తువు. స్టూడెంట్ అనే క్లాసు రాస్తాం. దానికి ఒక ఆబ్జెక్టు చేసి దాని పేరు కూడా స్టూడెంట్ అనే పెడతాం, చిన్న ఎస్‌తో. చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది. అది చదివి వినిపిస్తే “స్టూడెంట్ స్టూడెంట్ ఈక్వల్స్ న్యూ స్టూడెంట్”. వెనక బెంచీలో కూర్చున్న పిల్లకి ఇందులో ఏం అర్థం కావాలి? నేను ఆ ఆబ్జెక్టుకు ‘రవి’ అని పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాక, క్లాసు అంటే ఏమిటి, ఆబ్జెక్టు అంటే ఏమిటి అని అడిగే ప్రశ్నలు తగ్గాయి. అంతకు ముందు ఆ పాఠం వాళ్లకు కష్టమనుకున్నాను. కష్టం పాఠంలో లేదు, పేర్లలో ఉంది.

మా నాన్న నెల్లూరులో ఒక ప్రెస్సులో కంపోజిటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు పోస్టర్లు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన పక్కన నిలబడి చూసేదాన్ని. సీసపు అక్షరాలను గళ్లు గళ్లుగా ఉన్న చెక్క అరల్లో పోసి ఉంచేవాళ్లు. ఆ అరల పెట్టెను కేసు అనేవాళ్లు. ఇంగ్లిష్ కంపోజింగులో పై కేసులో పెద్ద అక్షరాలు, కింది కేసులో చిన్న అక్షరాలు ఉండేవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అనే మాటలు పుట్టింది ఆ చెక్క పెట్టెల నుంచే. తెలుగులో పెద్దా చిన్నా అనే గొడవ లేదు గానీ గుణింతాలకు, వత్తులకు బోలెడన్ని గళ్లు. నాన్నకు చూడకుండానే చెయ్యి సరైన గడిలోకి వెళ్లేది. ఈ రోజు మా ల్యాబులో పిల్లలను ఏడిపిస్తున్న తేడాకు పేరు ఎప్పుడో అచ్చుపనివాళ్లు సీసాన్ని సర్దుకున్న తీరు నుంచి వచ్చిందని ఎవరూ వాళ్లకు చెప్పరు. సిలబస్‌లో ఒక్క వాక్యం ఉంటే బాగుండేది.

కంప్యూటర్లు మొదటి నుంచీ ఇలా పట్టింపుగా ఏమీ లేవు. 1957లో ఐబీఎమ్‌లో జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ భాష తెచ్చినప్పుడు ప్రోగ్రాములు కార్డులకు చిల్లులు పొడిచి ఇచ్చేవాళ్లు, ఆ యంత్రాల మీద పెద్ద అక్షరాలే ఉండేవి. కంప్యూటర్ కోసం ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే ఆస్కీ ప్రమాణం 1963లో వచ్చింది, అందులోనూ మొదట చిన్న అక్షరాలు లేవు, 1967లో చేర్చారు. పెద్ద ఏ 65, చిన్న ఏ 97, ఏ జంట చూసినా మధ్య దూరం 32. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు డెనిస్ రిచీ చేసిన సీ భాష ఈ రెండింటినీ వేర్వేరు అక్షరాలుగానే తీసుకుంది. సీ దారిలోనే సీ ప్లస్ ప్లస్, జావా, జావాస్క్రిప్ట్ నడిచాయి, పైథాన్ కూడా ఆ పట్టింపే పట్టింది. మన సిలబస్ మొత్తం ఆ కుటుంబమే కాబట్టి ఇది ప్రకృతి ధర్మం అనుకుంటున్నాం.

అది నిజం కాదు. బేసిక్, కోబాల్, పాస్కల్, అడా అనే భాషలు ఈ తేడాను పట్టించుకోవు. వాటిలో అడా సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అమెరికా రక్షణశాఖ కోసం తయారైన భాష అది, 1983లో దాని ప్రమాణం వచ్చింది, విమానాల్లో, ప్రాణాల మీదికొచ్చే పనుల్లో వాడతారు. అంత కట్టుదిట్టమైన భాష పెద్దా చిన్నా ఒకటే అనుకోమంది. పైగా ఒక అడా కంపైలరులో (ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేరులో), పేరును మొదట ఎలా రాశావో తర్వాత కూడా అలాగే రాశావా అని చూసి హెచ్చరించే ఏర్పాటు ఉంది. అంటే శుభ్రంగా రాయమని చెబుతుంది, శిక్ష మాత్రం వేయదు. నేను కొత్తలో విజువల్ బేసిక్ చెప్పేదాన్ని. మనం పేరు ఎలా కొట్టినా, మొదట ప్రకటించిన తీరుకు ఆ ఎడిటరే దిద్దేసేది. ఎడిటర్ దిద్దుతుంటే చూసి పిల్లలకు రెండు వారాల్లో ఆ అలవాటు వచ్చేసేది. నేను ఒక్క మాట చెప్పాల్సిన పని ఉండేది కాదు.

పాస్కల్ చేసిన నిక్లాస్ విర్త్ తర్వాతి భాష మాడ్యులా-2కి వచ్చేసరికి పెద్దవి వేరు, చిన్నవి వేరు అనే వైపు మొగ్గారని తెలుసు. పెద్దవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం లేని చోట పిల్ల మార్కు కోయడానికి మనకు అంత ధైర్యం ఎక్కడిదన్నదే నా బాధ.

ఇంకొక్క సంగతి. 1990లలో అమెరికాలో ర్యాండీ పాష్ బృందం ఆలిస్ అనే పరికరం తయారుచేసింది. కంప్యూటర్ చదవని పిల్లలు కూడా ప్రోగ్రాము రాసి త్రీడీ బొమ్మలను ఆడించాలని దాని ఉద్దేశం. అందులో పైథాన్ వాడారు. కొత్తవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో దగ్గర కూర్చుని చూశారు. రెండు చోట్ల బాగా తడబడ్డారు. ఒకటి, ఒకటిని రెండుతో భాగిస్తే సున్నా రావడం. రెండోది, పెద్ద చిన్న అక్షరాల తేడా. వాళ్లు తమ పరికరం కోసం పైథాన్‌లో ఆ రెండింటినీ మార్చుకున్నారు. 2008లో పైథాన్ 3 వచ్చినప్పుడు భాగహారం అందరికీ సరిచేశారు. అక్షరాల సంగతి అలాగే ఉండిపోయింది. ఉదయగిరి నుంచి వచ్చే నా విద్యార్థిని తడబడిన చోటే, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లలు కూడా తడబడ్డారు. ఇది తెలుగు మీడియం వాళ్ల తెలివితక్కువతనం కాదు. ఈ మాట స్టాఫ్ రూముల్లో మళ్లీ మళ్లీ వింటున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

పోనీ మనం చెప్పే వాటిలోనైనా ఒక పద్ధతి ఉందా అంటే అదీ లేదు. సోమవారం డేటాబేస్ ల్యాబు. సెలెక్ట్ అనే మాట పెద్దగా కొట్టినా చిన్నగా కొట్టినా ఎస్‌క్యూఎల్ ఏమీ అనదు. మంగళవారం జావా ల్యాబులో స్ట్రింగ్‌కి ఎస్ పెద్దది కాకపోతే ఒప్పుకోదు, ఇంట్‌కి ఐ చిన్నది కాకపోతే ఒప్పుకోదు. బుధవారం వెబ్ ల్యాబులో హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులు ఎలా రాసినా నడుస్తాయి, అదే పేజీలో జావాస్క్రిప్ట్ నడవదు. పీహెచ్‌పీలో అయితే ఫంక్షన్ పేర్లకు తేడా లేదు, వేరియబుల్ పేర్లకు, అంటే విలువలు దాచుకునే పేర్లకు, ఉంది. ట్రూ అనే మాటకు పైథాన్‌లో టీ పెద్దది, జావాలో చిన్నది. మెయిన్‌కి సీ షార్ప్‌లో ఎమ్ పెద్దది, జావాలో చిన్నది. ఇవన్నీ ఒకే పిల్ల, ఒకే సెమిస్టరులో కాకపోతే రెండు సెమిస్టర్లలో మోయాలి.

ఇది ల్యాబుతో ఆగదు. అల్లూరు వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, వాళ్ల నాన్నకు రొయ్యల మేత దుకాణం ఉంది, దానికోసం చక్కటి వెబ్‌సైటు చేశాడు. తన విండోస్ ల్యాప్‌టాప్ మీద అన్నీ కనిపించాయి. లినక్స్ సర్వర్ మీద పెట్టేసరికి మేత బస్తాల ఫొటోలు ఒక్కటీ రాలేదు. కెమెరా ఇచ్చిన ఫైలు పేరు చివర పెద్ద అక్షరాలు, పేజీలో తను రాసినవి చిన్న అక్షరాలు. విండోస్ వాటిని ఒకటే అనుకుంది, లినక్స్ వేరనుకుంది. టేబుల్ పేర్ల దగ్గర మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ కూడా ఇలాగే విండోస్ మీద ఒక రకంగా, లినక్స్ మీద ఇంకో రకంగా ఉంటుంది. వాడు రెండు రోజులు నిద్రపోలేదు, ఇంటర్నెట్ కనెక్షన్ బాగాలేదనుకుని ఊళ్లో అందరి ఫోన్ల మీదా తెరిచి చూశాడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. గతంలో నేను పనిచేసిన ఒక కాలేజీలో సీ భాష మీద ఇంటర్నల్ పరీక్ష జరిగింది. ప్రోగ్రాము ఇచ్చి, దాని అవుట్‌పుట్ రాయమన్న ప్రశ్న. పేపరు వర్డ్‌లో టైపు చేశారు. వర్డ్ ప్రతి వరస మొదటి అక్షరాన్నీ పెద్దది చేసేసింది. ఇంట్ పెద్ద ఐతో, ఫర్ పెద్ద ఎఫ్‌తో, ప్రింట్ఎఫ్ పెద్ద పీతో అచ్చయ్యాయి. ఎవరూ చూసుకోలేదు. ఒక్క అబ్బాయి, ఒక్కడే, “ఈ ప్రోగ్రాము కంపైల్ కాదు” అని రాసి, ఏ వరసలో ఏ అక్షరం తప్పో కింద విడివిడిగా రాశాడు. నా చేతిలో ఉన్న కీలో సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు ఉన్నాయి. నేను వాడికి సున్నా వేశాను. అదే బండిలులో ఇంకో ప్రశ్నకు, పెద్ద అక్షరంతో ఇంట్ రాసిన పిల్లలందరికీ అర మార్కు కోశాను. వాడు వచ్చి అడగలేదు. రెండు వారాల తర్వాత ప్రశ్నపత్రం మళ్లీ చూసినప్పుడు గాని నాకు వెలగలేదు. అప్పటికి మార్కులు పంపేశాం. వాడు చెప్పిందే ఆ క్లాసులో ఒకే ఒక్క సరైన జవాబు.

అవతలి వాదన నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఈ పిల్లలు రేపు చెన్నైకో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్తే అక్కడ జావా ఎవరి కోసమూ మెత్తబడదు. కొన్ని భాషల్లో ఈ తేడాకే అర్థం ఉంది. గో భాషలో పేరు పెద్ద అక్షరంతో మొదలైతేనే బయటి ప్యాకేజీలకు, అంటే ప్రోగ్రాములోని వేరే భాగాలకు, కనిపిస్తుంది. ప్రోలాగ్‌లో పెద్ద అక్షరంతో మొదలైతే అది వేరియబుల్. తేడాను పట్టించుకోకుండా పోల్చడం కూడా అనుకున్నంత తేలిక కాదు. టర్కీ భాషలో చుక్క ఉన్న ఐ వేరు, చుక్క లేని ఐ వేరు, ఒక్కోదానికి ఒక్కో పెద్ద అక్షరం. ప్రపంచంలోని అన్ని లిపులనూ పేర్లలో ఒప్పుకునే భాషకు ఇలాంటివి తలనొప్పే. అంతెందుకు, కంప్యూటర్లో తెలుగు రాయడానికి మనమే ఇంగ్లిష్ అక్షరాలను ఇలా వాడుకున్నాం. ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. మా పిల్లలకు అది చూపిస్తే ఒక్క పూటలో పట్టేశారు. ఎందుకంటే కొట్టగానే తెర మీద అక్షరం మారిపోయింది, తేడా కళ్లకు కట్టింది, దాని వెనక ఒక శబ్దం ఉంది.

కాబట్టి మా పిల్లలు నేర్చుకోలేరని నేను అనడం లేదు. ఉన్న భాషలను ఎవరూ ఇప్పుడు మార్చలేరని కూడా తెలుసు. కొత్తగా భాష చేసేవాళ్లు నన్నడిగితే ఒకటే చెబుతాను. ఒకే చోట, అక్షరం సైజు తప్ప ఇంకే తేడా లేని రెండు పేర్లను ఒప్పుకోవద్దు. ఎవరైనా అలా రాస్తే అక్కడే ఆపి, నువ్వు ఇంతకు ముందు పెద్ద ఎస్‌తో రాశావు, ఇప్పుడు చిన్నదానితో రాస్తున్నావు అని అర్థమయ్యేలా చెప్పాలి. పైథాన్ 3.10 నుంచి, పెద్ద పీతో ప్రింట్ అని కొడితే, నీ ఉద్దేశం చిన్న పీతోనా అని అడగడం మొదలైంది. మంచి పని. నేను చెప్పిన అమ్మాయి విషయంలో అది సాయపడదు, ఎందుకంటే అక్కడ రెండు పేర్లూ నిజంగా ఉన్నాయి.

మీ చేతిలో ఉన్నవి వేరే. రాత పరీక్షల మూల్యాంకన సూచనల్లో ఒక వాక్యం చేర్చండి: చేతితో రాసిన ప్రోగ్రాములో పెద్ద, చిన్న అక్షరాల పొరపాటుకు మార్కు తగ్గించకూడదు, ప్రశ్నే దాని గురించి అయితే తప్ప. మా తోటి అధ్యాపకుల్లో చాలామంది మనసులో అదే ఉంది, కానీ కీలో లేకపోతే ఎవరూ సాహసించరు. ప్రశ్నపత్రంలో ప్రోగ్రాము వేసేటప్పుడు వర్డ్‌లో నేరుగా కొట్టించవద్దు. నిజంగా నడిపి చూసిన ప్రోగ్రామును అన్ని అక్షరాలూ సమాన వెడల్పున్న ఫాంటులో అచ్చు వేయించండి. మొదటి సెమిస్టరు మొదటి ల్యాబులోనే ఒక గంట ఈ సంగతికి కేటాయించండి. ఏ భాషలో తేడా ఉంది, ఎందులో లేదు, తప్పితే ఏ ఎర్రర్ వస్తుంది అని కావాలనే తప్పులు చేయించి చూపించాలి. ల్యాబు పరీక్షలో, లాజిక్ సరిగ్గా ఉండి అక్షరం దగ్గర ఆగిపోయిన పిల్లకు ఆ ఒక్క మాట చెప్పే అధికారం ఎగ్జామినర్‌కు ఇవ్వండి. కావాలంటే దానికి ఒక మార్కు తగ్గించండి, పది తగ్గించకండి. పుస్తకాలు సూచించేటప్పుడు, క్లాసుకీ ఆబ్జెక్టుకీ ఒకే పేరు పెట్టని పుస్తకం దొరికితే దాన్ని ముందు పెట్టండి.

వీటిలో దేనికీ డబ్బు అక్కర్లేదు. కొత్త కంప్యూటర్లు అడగడం లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అడగడం లేదు. వచ్చే విద్యా సంవత్సరం సిలబస్ ఖరారు కాకముందే మీ సమావేశం ఎజెండాలో దీన్ని చేర్చాలని కోరుతున్నాను. పిలిస్తే వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆ అమ్మాయి అనుమతితో తన అబ్జర్వేషన్ బుక్కులోని ఆ పేజీ జిరాక్సు ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. సమ్ అనే మాట అందులో నాలుగుసార్లు ఉంది. అందులో పెద్ద ఎస్‌తో ఉన్నది ఏదో చూసి చెప్పండి.

ఇట్లు,
కంప్యూటర్ అధ్యాపకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా